నేను చూడని గ్రహణం - చూసిన గ్రహణం



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు రెండుమార్లు ఇంటికి మనిషిని పంపినారు. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 1972లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2008లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. ముప్పై ఆరేండ్లలో వ్రాసినవన్నీ నోట్ ఫైళ్ళే. కనుక ఇది కూడా ఒక నోట్ ఫైలు వలెనే ఉండవచ్చును, పెద్దలు మన్నించాలి. విషయం సంపూర్ణ సూర్యగ్రహణం. చివరలో ఒక ఒప్పుకోలు కూడా ఉన్నది. అది నలభై అయిదేండ్లుగా పెండింగులో ఉన్న కాగితం.

గుంటూరుకు వచ్చిన దొరలు

గ్రహణం చూడటానికి మనవారు ఇప్పుడు విమానాలెక్కి విదేశాలకు పోతున్నారు. ఒకప్పుడు విదేశాలవారే గ్రహణం కోసం మన గడ్డకు వచ్చినారు. అది 1868 ఆగస్టు 18వ తేదీ. అప్పటికి సూయజ్ కాలువ తెరవలేదు, అది 1869లో తెరిచినారు. మన ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా. మద్రాసు రైలుదారి మన ఊరి మీదుగా రాయచూరుకు చేరింది 1871లో. అంటే గ్రహణం నాటికి మన ప్రాంతంలో ఎద్దులబండ్లే గతి.

ఆనాటి చంద్రుని నీడ జమఖండి, బిజాపూరు, రాయచూరు, వనపర్తి ప్రాంతాల మీదుగా వచ్చి, గుంటూరు దాటి, మచిలీపట్నం వద్ద సముద్రంలో దిగింది. మన దేశంలో అయిదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగైనాడు. అంత దీర్ఘమైన గ్రహణం అరుదు గనుక యూరపులోని ఖగోళ శాస్త్రజ్ఞులు చాలాముందు నుంచే ఏర్పాట్లు చేసుకున్నారు. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే ఆయన వచ్చి గుంటూరులో మకాం పెట్టినారు. ఆంగ్ల ప్రభుత్వం పక్షాన మేజర్ టెన్నంట్ కూడా గుంటూరునే ఎంచుకున్నారు. మద్రాసు అబ్జర్వేటరీ అధికారి పాగ్సన్ మచిలీపట్నం పోయినారు.

టెన్నంట్ బృందం పని ముఖ్యంగా ఫోటోలు తీయడం. ఆ రోజుల్లో ఫోటో అంటే ఏమిటో మన మనవలకు చెప్పినా నమ్మరు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు పూయాలి. దాన్ని వెండి ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే చీకటి డేరాలోకి పోయి కడగాలి. తడి ఆరితే పలక పనికిరాదు. ఆగస్టు నెల గుంటూరు ఉక్కలో, ఉన్న ఆ అయిదారు నిమిషాలలో ఈ పనంతా జరగాలి. ఆకాశంలో పలుచని మబ్బు అడ్డం వచ్చినప్పటికీ వారు ఆరు పలకలు తీసినారు. సూర్యుని అంచున కొమ్ములాగా లేచిన ఒక పెద్ద జ్వాల వాటిలో పడింది. మన తెలుగునేల మీద తీసిన గ్రహణం ఫోటోల చరిత్రకు అది మొదలు.

జాన్సెన్‌గారి పని వేరు. వెలుతురును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపుతో ఆయన ఆ ఎర్రని జ్వాలలను చూసినారు. వాటిలో ప్రకాశమైన గీతలు కనిపించినాయి. అవి మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్ అని తేలిపోయింది. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేనప్పుడు కూడా వీటిని చూడవచ్చునని ఆయనకు తట్టింది. మరునాడు, ఆగస్టు 19న, గుంటూరులోనే మామూలు ఎండలో వాటిని మళ్ళీ చూసినారు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన గుంటూరు సంగతి తెలియకనే అదే పద్ధతిని అక్టోబరు 20న సాధించినారు. ఇద్దరి సమాచారం ప్యారిస్ అకాడమీకి ఒకే రోజున, అక్టోబరు 26న చేరింది. ఫ్రాన్సు ప్రభుత్వం తగవు పెట్టకుండా ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం వేయించింది. సీనియారిటీ తగాదాలలో తలలు నెరసిన మనం ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

గుంటూరులోనే హీలియం కనిపెట్టినారని మనవారు సభలలో చెబుతుంటారు. ఆ మాటలో కొంత సవరణ అవసరం. ఆ గ్రహణం నాడు కొందరు పరిశీలకులు ఒక పసుపుపచ్చ గీతను చూసినారు. అది సోడియం గీత కావచ్చునని అనుకున్నవారు ఉన్నారు. అది సోడియం కాదని, భూమి మీద అప్పటికి తెలియని పదార్థమని తేల్చి, సూర్యుని గ్రీకు పేరుతో హీలియం అన్నది లాకియర్. భూమి మీద ఒక ఖనిజంలో దాన్ని పట్టుకున్నది విలియం రామ్సే, 1895లో. గుంటూరు ఆ కథకు మొదటి మెట్టు. ఆ గౌరవం చాలును.

మనవాడు ఒకరిని మరువరాదు. మద్రాసు అబ్జర్వేటరీలో అసిస్టెంటుగా పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు ఆ గ్రహణానికి వనపర్తిలో ఒక బృందానికి నాయకత్వం వహించినారు. ఆయన పదవి అసిస్టెంటే, మనలాంటిదే! కాని దృగ్గణిత పంచాంగం సిద్ధం చేసినారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, జనానికి అర్థమయ్యేటట్లు మన భాషలలో చిన్న పుస్తకాలు వేయించినారు. పంచాంగం తెలిసినవారు దూరదర్శిని చూడరాదని గాని, దూరదర్శిని చూసినవారు పంచాంగం వదిలిపెట్టాలని గాని ఆయన అనుకోలేదు.

జాన్సెన్‌గారిది ఇంకొక ముచ్చట. 1870 డిసెంబరులో ఆల్జీరియాలో గ్రహణం వచ్చింది. అప్పుడు ప్యారిస్ నగరాన్ని జర్మను సైన్యాలు ముట్టడించి ఉన్నాయి. ఆయన చిన్ననాటి నుంచి కుంటివారు. అయినా బెలూను ఎక్కి శత్రువుల తలల మీదుగా బయటపడి ఆల్జీరియా చేరినారు. తీరా ఆనాడు మబ్బు పట్టింది, ఏమీ కనబడలేదు. మరుసటి ఏడు మళ్ళీ మన నీలగిరులకు వచ్చి 1871 డిసెంబరు గ్రహణం చూసినారు. ఈ ముచ్చట ఎందుకు చెప్పినానో ముందు తెలుస్తుంది.

1980 - మన ఇంటి మీది నీడ

ఒకే చోట సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏండ్లకు ఒకమారు గాని రాదంటారు. రాయచూరు, వనపర్తి సీమకు మాత్రం 112 ఏండ్లకే రెండోమారు వచ్చింది. సిద్ధార్థి నామ సంవత్సరం, మాఘ అమావాస్య, 1980 ఫిబ్రవరి 16, శనివారం. నీడ అంకోలా దగ్గర ఒడ్డెక్కి, హుబ్లీ, గదగ్, రాయచూరు ప్రాంతాల మీదుగా తెలంగాణలో ప్రవేశించి, పూరీ వైపు పోయింది. మన ఆదోని, ఎమ్మిగనూరు దక్షిణపు అంచు వైపు ఉండినాయి. తుంగభద్ర దాటి ఉత్తరానికి పోతే నీడ నడిమికి చేరవచ్చును. అక్కడ రెండు నిమిషాల పైచిలుకు చీకటి.

మళ్ళీ విదేశీయులు వచ్చినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్ - రంగాపూర్ అబ్జర్వేటరీకి, పాలమూరు జిల్లా పాలెంకు అమెరికా శాస్త్రజ్ఞులు చేరినారు. బెంగుళూరు ఖగోళ భౌతిక సంస్థ వారు, వైనూ బప్పుగారి ఆధ్వర్యంలో, హుబ్లీ దగ్గర హోసూరులో, సింధనూరు దగ్గర జవళగేరలో శిబిరాలు వేసినారు. జవళగేర మనకు పొరుగూరే. సిరుగుప్ప మీదుగా తుంగభద్ర దాటితే చాలు.

అప్పుడు నేను ఆదోనిలో పనిచేస్తున్నాను. మా ఆఫీసు ఎదురుగా ఫోటో స్టూడియో పెట్టుకున్న మిత్రుడొకడు ఉండేవాడు. మనిషికి పాతిక రూపాయలు వేసుకుని, అద్దె జీపులో సింధనూరు వైపు పోయి గ్రహణం ఫోటోలు తీయాలని ఆయన ఏర్పాటు. ఇద్దరు లెక్చరర్లు, పత్తి మార్కెట్టులో లెక్కలు వ్రాసే అతను, ఎమ్మిగనూరు నుంచి మగ్గాల డిజైన్లు గీసే ఒక కుర్రవాడు, నేను. నేను ముందే డబ్బు కట్టినాను. సెలవుచీటీ కూడా ఇచ్చినాను.

ఇంట్లో మా ఆవిడకు అయిదో నెల. అంతకుముందు ఏడు ఒక కాన్పు నాలుగో నెలలోనే పోయింది. ఆ దుఃఖం ఇంట్లో ఇంకా ఆరలేదు. మా అమ్మ వారం రోజుల ముందు నుంచే దర్భలు తెచ్చి పెట్టింది. పాలమీద, ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భ వేసింది. గ్రహణంలో గర్భవతి కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందని అందరి ఇండ్లలో ఉన్న నమ్మకమే. ఆ పొద్దు ఉదయం జీపు వచ్చి వీధి చివర హారను కొట్టింది. మా అమ్మ గడప దగ్గర నిలబడి, "నాయనా, నువ్వు చదువుకున్నోడివి, నీకు చెప్పేదాన్ని కాను. కాని ఈ బిడ్డకు ఏమన్నా అయితే నేను తట్టుకోలేను" అన్నది. అంతే. నేను బయటికి పోయి మిత్రునితో రావడం లేదని చెప్పినాను. "ఏమప్పా, మళ్ళీ మన కాలంలో వస్తుందా?" అని ఆయన ఒకమాట అని జీపు ఎక్కినాడు.

మధ్యాహ్నానికి ఊరు కర్ఫ్యూ పెట్టినట్లు అయింది. జిన్నింగు మిల్లుల చప్పుడు లేదు. పత్తి బండ్లు లేవు. ఉగ్గాని, బజ్జీల అంగడి కూడా మూసినారు. మా అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. మా ఆవిడ నడిమి గదిలో చాప మీద వెల్లకిలా పడుకుని కదలక ఉన్నది. కిటికీకి దుప్పటి కట్టినాము. తలుపు గడియ నేనే వేసినాను. మూడు ముప్పావు ప్రాంతంలో దుప్పటి సందుల్లోని వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. పెరట్లో కోళ్ళు గూట్లోకి పోయిన చప్పుడు వినబడింది. ఎక్కడో కుక్క ఏడ్చింది. నేను గడియ మీద చేయి వేసినాను. ఒక్క నిమిషం బయట నిలబడి వస్తే ఏమవుతుందని అనుకున్నాను. చీకట్లో మా ఆవిడ, "ఏమండీ, అక్కడే ఉన్నారా?" అన్నది. "ఉన్నా" అన్నాను. చేయి తీసివేసినాను. కొద్దిసేపటికి కోడి కూసింది. అంతటితో అయిపోయింది.

వారం తర్వాత మిత్రుడు ఒక ఫోటో ఇచ్చినాడు. యాషికా కెమెరాతో తీసినది. కార్డంత నల్లని కాగితం మీద ఆవగింజంత తెల్లని ఉంగరం. మామూలు లెన్సుతో సూర్యుడు అంతే పడతాడు, పెద్దగా రావాలంటే పొడవైన లెన్సు కావాలి. "కంటితో చూసింది ఇందులో నూరోవంతు కూడా రాలేదప్పా" అన్నాడు. ఆ ఫోటోను ఇంట్లో చూపలేదు. ఆఫీసు బీరువాలో నా సొంత కాగితాల కవరులో పెట్టుకున్నాను.

జూన్ నెలలో అమ్మాయి పుట్టింది. నిక్షేపంగా పుట్టింది. మా అమ్మ తన దర్భల ఫలమన్నది. డాక్టరమ్మ మందుల ఫలమన్నది. నేను ఇద్దరికీ నమస్కారం పెట్టినాను. మొర్రికి గ్రహణానికి సంబంధం లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అయినా మా అమ్మను ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. ఆమె ఆనాడు తనకు తెలిసిన విధంగా రెండు ప్రాణాలకు కాపలా కాసింది.

టీవీలో గ్రహణం, నా అబద్ధం

1995 అక్టోబరు 24న మళ్ళీ సంపూర్ణ గ్రహణం. ఈమారు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మీదుగా బెంగాల్‌లోని డైమండ్ హార్బరుకు నీడ పోయింది. దూరదర్శన్ వారు దాన్ని ప్రత్యక్షంగా చూపించినారు. మా అమ్మాయికి పదిహేనేండ్లు. వజ్రపుటుంగరం లాగా సూర్యుడు ఒక్కచోట మెరిసి ఆరిపోయినప్పుడు, అది టీవీకి ముఖం ఆనించి చూసింది. "నాన్నా, నేను పుట్టిన సంవత్సరం మన దగ్గరే వచ్చిందంట కదా, నువ్వు చూసినావా?" అని అడిగింది.

గడియ వేసుకుని కూర్చున్నానని చెప్పడానికి సిగ్గుపడినాను. మీ అమ్మ కోసం, నీ కోసం అని చెబితే, ఆ భారం బిడ్డ మీద పడుతుందని కూడా అనిపించింది. "ఆ రోజు మబ్బు పట్టిందమ్మా" అన్నాను. ఆఫీసులో తప్పుడు ఎండార్సుమెంటు ఒక్కటి వ్రాయని నేను, ఇంట్లో ఆ ఒక్క అబద్ధం వ్రాసిపెట్టినాను.

1999 ఆగస్టు 11న గుజరాత్ నుంచి మన ఉత్తరాంధ్ర తీరం వరకు నీడ వచ్చింది. అది వానల కాలం, సాయంకాలం పూట. పోవాలన్న ఆలోచన కూడా చేయలేదు. 2009 జూలై 22 గ్రహణం నాటికి పదవీ విరమణ అయి ఏడాది. సూరత్ పోదామని అనుకుని, మా ఆవిడ మోకాలి నొప్పితో మానుకున్నాను. ఇట్లా వయసు గడిచింది.

టెక్సాస్‌లో నాలుగు నిమిషాలు

అమ్మాయి చదువుకుని, ఉద్యోగం మీద అమెరికా పోయి, డల్లాస్‌లో స్థిరపడింది. 2024 ఏప్రిల్ 8న అక్కడ సంపూర్ణ గ్రహణమని తెలిసి, ఏడాది ముందే మా ఇద్దరికీ టిక్కెట్లు తీసింది. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకున్న తర్వాతనే నేను విమానం ఎక్కినాను. బ్రతికే ఉన్నానని ప్రభుత్వానికి తెలియాలి కదా!

అమ్మాయి, అల్లుడు, వారి స్నేహితులు కలిసి పన్నెండుమంది ఒక ఫోటోల బృందంగా ఏర్పడినారు. డల్లాస్‌కు దక్షిణాన ముప్పై అయిదు మైళ్ళ దూరంలో ఎన్నిస్ అనే ఊరున్నది. అక్కడ చీకటి నాలుగు నిమిషాలకు పైగా ఉంటుందని లెక్క. కార్లలో పులిహోర, నీళ్ళు, మూడుకాళ్ళ స్టాండ్లు, నా చేయంత పొడవు లెన్సులు పెట్టుకుని పొద్దున్నే బయలుదేరినాము. లెన్సుల ముందర నల్లని ఫిల్టర్లు బిగించినారు. సంపూర్ణమైనప్పుడు మాత్రమే ఫిల్టరు తీయాలి, వెలుగు తిరిగి వచ్చేలోగా మళ్ళీ పెట్టాలి. ఆ పని గడియారం పెట్టుకుని పదిమార్లు సాధన చేసినారు. టెన్నంట్ దొరగారి సిపాయిలు గుంటూరులో చేసిన సాధన గుర్తుకు వచ్చింది. అక్కడ ఆరు పలకలు, ఇక్కడ వందల ఫోటోలు. ఆత్రం ఒకటే.

మబ్బు వస్తూ పోతూ భయపెట్టింది. జాన్సెన్‌గారి బెలూను ప్రయాణం తలచుకుని, కాకపోతే కాకపోయింది, ఇంతదూరం వచ్చినాము అని సర్దుకున్నాను. ఒంటిగంటన్నర దాటినాక మబ్బు పలుచబడింది.

మా ఆవిడ మాత్రం కారు దిగలేదు. ఆ పొద్దు బయలుదేరే ముందు కూతురి ఇంట్లో ఆవకాయ సీసా మీద దర్భ వేసి వచ్చిన మనిషి. ఆదోని నుంచి పర్సులో తెచ్చుకున్నదట! "మీరు చూడండి, నేనిక్కడే కూర్చుంటా" అన్నది. నేను పోయి కారు తలుపు తెరిచినాను. చేయి పట్టుకున్నాను. "ఆ పొద్దు నువ్వు అడిగినావు, అక్కడే ఉన్నారా అని. ఇప్పుడు కూడా ఇక్కడే ఉన్నా, రా" అన్నాను. ఏమనుకున్నదో, దిగింది.

ఎండ పలుచనై, నీడలు పదునెక్కినాయి. చల్లగాలి వచ్చింది. సరిగ్గా టీవీలో చూసినట్లు ఒక్క చుక్క వెలుగు మెరిసి ఆరింది. అందరూ అరిచినారు. అద్దాలు తీసి చూసినాము. నల్లని బింబం, చుట్టూ వెండి జడపాయల వంటి కాంతి. ఒక పక్క శుక్రుడు, ఇంకొక పక్క గురుడు పట్టపగలు వెలిగినారు. దిక్కులన్నిటా సంధ్యాకాంతి. బింబం అడుగున గులాబిరంగు పూస ఒకటి. అదే జాన్సెన్‌గారు గుంటూరులో చూసిన జ్వాలల జాతి. ఇంతకాలం పుస్తకంలో చదివినది కంటితో చూసినాను. అమ్మాయి కెమెరా వదిలిపెట్టి వచ్చి మా మధ్య నిలబడింది. మా ఆవిడ చేతులు జోడించింది.

తిరుగు దారిలో మా ఆవిడ, "ఆ పొద్దు మన ఊరి మీద జరిగింది ఇదేనా?" అని అడిగింది. "ఇదే. మనది నీడ అంచు, నడిమికి పోయి ఉంటే ఇట్లాగే" అన్నాను. "మీరెందుకు పోలేదు?" అన్నది. ఆమెకు జీపు సంగతి ఇన్నేండ్లూ తెలియదు. అప్పుడు ఇద్దరికీ మొత్తం చెప్పినాను. పాతిక రూపాయలు, సెలవుచీటీ, గడియ, బీరువాలోని ఫోటో, చివరికి మబ్బు అబద్ధం కూడా.

అమ్మాయి కారు నడుపుతూనే నవ్వింది. "ఫిబ్రవరిలో ఆదోనిలో మబ్బులెక్కడివి నాన్నా? ఆ రోజే తెలుసు నాకు. ఏదో కారణం ఉంటుందిలే అని అడగలేదు" అన్నది. ఇరవై తొమ్మిదేండ్లు నేను దాచినాననుకున్నది, అది దాచింది.

మరునాడు ఉగాది. క్రోధి నామ సంవత్సరం. వేపపూత దొరకక అక్కడి అంగడిలో కొన్న ఎండుపూతతోనే పచ్చడి చేసినారు. చేదు బాగానే ఉండింది.

ఇంటికి వచ్చినాక ఆ పాత ఫోటో వెతికి తీసినాను. అంచులు పసుపుపచ్చబడినాయి. స్టూడియో మిత్రుడు ఇప్పుడు లేడు. అమ్మాయి పంపిన పెద్ద ఫోటో పక్కన ఆ ఆవగింజను కూడా ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టినాను. చూసినవారు పెద్దదాన్ని మెచ్చుకుంటారు. నేను చిన్నదాన్ని చూపిస్తాను.

మిత్రులకు, ముఖ్యంగా వారి మనవలు మనవరాండ్రకు రెండు మాటలు. గ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ముతో గాని, మసిపట్టిన గాజుతో గాని, నల్లకళ్ళద్దాలతో గాని చూడరాదు, చూపు పోతుంది. సరైన గ్రహణం అద్దాలే వాడాలి. సంపూర్ణంగా మరుగైన ఆ కొద్ది నిమిషాలు మాత్రమే ఉత్తకంటితో చూడవచ్చును. మన దేశంలో రాబోయే సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, కార్గిల్ వైపు. నాకు అప్పటికి ఎనభై దాటుతాయి, పోగలనో లేదో. పోగలిగినవారు పొండి. ఇంట్లో పెద్దవారు భయపడితే వారితో తగవు పడవద్దు. చేయి పట్టుకుని పక్కన నిలబెట్టుకోండి.

పెండింగు కాగితం ఇంతటితో డిస్పోజ్ అయినది. సెలవు.